ఈస్టరు సున్నం

"మీ వంశమేందో ముందు కనుక్కోని రాపో ఎస్తరమ్మా. మొదటి వరస సంగతి ఆ తర్వాత మాట్లాడుదాం."

జమ్మలమడుగు క్రైస్తవుల శ్మశానం గేటు దగ్గర, జ్ఞానమ్మ శవపేటిక ఇంకా వ్యాను దిగకముందే, సంఘ పెద్ద జోయల్ ఆమె కూతురితో అన్న మాట ఇది. అనేసి, ఏదో ధర్మసందేహం తీర్చినవాడిలా కండువా సర్దుకున్నాడు.

జ్ఞానమ్మ జీవితంలో పెద్దగా ఏమీ అడగని మనిషి. ప్రొద్దుటూరులో కూతురింట్లో, కిటికీ పక్క మంచం మీద చివరి రోజులు గడుపుతూ ఒక్కటే అడిగింది. "నన్ను మా జేజి పక్కన పెట్టండి. మొదటి వరసలో, గోడ పక్కన ఉండాదామె." జేజి అంటే ఆమె నాయనమ్మ రాహేలమ్మ. దొరల కాలంలో ఆ ఊళ్ళో తొలిగా బాప్తిస్మం తీసుకున్న నలుగురైదుగురిలో ఒకామె. జ్ఞానమ్మకు అంతకుమించి తెలియదు. ఎస్తర్‌కు అదీ తెలియదు, తల్లి చెబుతుండగా వినడం తప్ప.

తీరా వచ్చి చూస్తే గోడ పక్క సమాధి మీద నల్ల గ్రానైటు పలక మెరుస్తోంది. "మా వంశపు పెద్దవ్వ" అని, దాని కింద జోయల్ ఇంటిపేరు, జోయల్ అన్నదమ్ముల పేర్లు బంగారు అక్షరాల్లో ఉన్నాయి. పెద్దవ్వ పేరు మాత్రం లేదు.

"ఈమె మా అమ్మ జేజి కదప్పా" అంది ఎస్తర్, పలక వైపు చెయ్యి చూపిస్తూ.

"ఎవురు చెప్పినారు? మా తాత కొట్టినాడు ఈ సమాధికి సున్నం. మా నాయన కొట్టినాడు. నేను కొడతాండా. మీరు ఏ ఈస్టరుకన్నా వచ్చి కుంచె పట్టినారా? యాడో పులివెందుల పక్క బతికి, ప్రొద్దుటూరులో సచ్చి, మా వరసలో పండుతామంటే ఎట్ల?"

చుట్టూ ఉన్నవాళ్ళు తలలూపారు, ఎందుకంటే ఆ శ్మశానంలో అదే చట్టం. ఈస్టరు ముందు శనివారం ఊళ్ళోని కుటుంబాలన్నీ నీలిమందు కలిపిన సున్నం బక్కెట్లతో దిగుతాయి. ఎవరి సమాధికి వాళ్ళు సున్నం కొట్టుకుంటారు, బంతిపూలు పరుస్తారు. సగం సమాధుల మీద పేర్లే లేవు. సున్నం కొట్టినవాళ్ళదే సమాధి, అంతే.

జ్ఞానమ్మను వెనక మూల, సర్కారు తుమ్మ చెట్ల కింద, పాత రాళ్ళూ ఎండిన దండలూ పారబోసే చోట పెట్టారు. గుంత తవ్వినవాళ్ళు గుర్తు కోసమని చెత్తలో పడి ఉన్న ఒక గుండ్రాయిని ఈడ్చుకొచ్చి తలవైపు నిలబెట్టారు. ఆ రాయిని చూసేసరికి ఎస్తర్‌కు తల్లి కోసం వచ్చిన దుఃఖం కాస్తా అక్కడే ఆగిపోయి, దాని చోట ఇంకేదో వచ్చి కూర్చుంది. కసి అంటే ఏమిటో ఆమెకు ఇన్నేళ్ళలో తెలియదు, ఆ మధ్యాహ్నం తెలిసింది.

గేటు దాటుతూ జోయల్ ఎదుట ఆగింది. "కనుక్కుంటా. కనుక్కోని నీ ముందరికే తెస్తా. అప్పుడు మాట్లాడుదువులే."

"అట్లనే కానీమ్మా" అన్నాడు జోయల్, పిల్లను బుజ్జగించినట్టు.

*

ఎస్తర్ ప్రొద్దుటూరు హైస్కూల్లో సోషలు టీచరు. ఏ రాజు కొడుకు ఎవరో, వాడి మనవడు ఎవరిని చంపి గద్దెనెక్కాడో నిద్రలో లేపి అడిగినా చెబుతుంది. అలాంటామె తన వంశాన్ని రాద్దామని పాత క్యాలెండరు వెనక్కి తిప్పి కూర్చుంటే, తన పేరు, తల్లి పేరు, తాత పేరు, రాహేలమ్మ పేరు రాసేసరికి కలం ఆగిపోయింది. తెల్ల కాగితం వెక్కిరించింది. జోయల్ నవ్వే దాని మీద కనబడింది.

మొదట అందరూ చేసే పొరపాటే చేసింది. ఫోనులో వెతికింది. ఏవేవో దేశాల వాళ్ళ వంశవృక్షాలు వచ్చాయి, వాళ్ళ ముత్తాతల టోపీలతో సహా. తర్వాత జమ్మలమడుగు గుడికి పోయి బాప్తిస్మాల పుస్తకం అడిగింది. మొదటి పేజీలు చెదలు తినేశాయి. వరండాలో కూర్చున్న జోయల్ "ఏం దొరికిందమ్మా?" అని పలకరించాడు. ఆ పలకరింపుకు ఆమెకు రెండు రోజులు అన్నం సహించలేదు.

మొగుడు రూబెన్ నెమ్మది మనిషి. ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. భార్య క్యాలెండరు మీద గీతలు కొట్టేయడం కొన్నాళ్ళు చూసి, ఇక ఉండబట్టలేక అన్నాడు.

"ఏమే, బస్సు మధ్యలో యాడో ఎక్కి దారి తెలీలేదంటే ఎట్ల? నీ కాడ్నించి మొదలుపెట్టి వెనక్కి పో. మొదట బతికుండేవాళ్ళను అడుగు. సమాధులు యాడికీ పోవు, మనుషులే పోతారు. మీ ఆనందయ్య మామ ఇంకా ఉన్నాడు కదా?"

"ఆయప్పకు పొద్దున తిన్నది గుర్తుండదు."

"పొద్దున తిన్నది నీకెందుకు? పాతవి అడుగు. పేర్లు, తేదీలు అడగద్దు, ముసలోళ్ళు బెదురుతారు. ఇంట్లో ఏముండేది, ఎవురేం పని చేస్తాండ్రి, అట్లాంటివి అడుగు."

పద్ధతి తెలిసిన మాటే అనిపించింది. మొగుడు చెప్పాడు కాబట్టి పైకి మెచ్చుకోలేదు కానీ, ఆ ఆదివారమే పులివెందుల బస్సెక్కింది.

*

ఆనందయ్య జ్ఞానమ్మకు పెద్దన్న. పులివెందులలో కొడుకింటి ముందు నులక మంచం మీద ఎండకు కూర్చుని ఉన్నాడు. మేనకోడలిని చూసి గుర్తుపట్టడానికి కాస్త టైము తీసుకున్నాడు, గుర్తుపట్టాక ఆమె చెయ్యి వదల్లేదు.

"మామా, రాహేలమ్మ జేజి గురించి ఏమన్నా గుర్తుండాదా?"

"సచ్చిపోయింది కదమ్మా."

ఎస్తర్ నవ్వు ఆపుకుంది. రూబెన్ మాట గుర్తొచ్చి ఇంకో దారిన వచ్చింది. "ఆమె ఇంట్లో ఏముండేది మామా? వాకిట్లో ఏముండేది?"

ముసలాయన కళ్ళు ఎక్కడికో పోయాయి. "వాకిట్లో రాయి. ఇసుర్రాయి కింది బద్ద. నడుమ బొక్క, బొక్కలో ఇరిగిన ఇనప మేకు, అంచు పెచ్చు లేసింటాది. దాన్ని ఇంటి కడప ముందు ఏసుకోని, లోపలికి పొయ్యేటప్పుడు, బయటికి వచ్చేటప్పుడు కావాలని తొక్కేది. మా నాయన చెప్పేవాడు. సచ్చిపొయ్యేటప్పుడు, నా మీద ఆ రాయే పెట్టండి అనిందంట. పెట్టినారు."

ఎస్తర్ చేతిలోని కాఫీ గ్లాసు కింద పెట్టేసింది. నడుమ బొక్క, తుప్పు మేకు, పెచ్చు లేచిన అంచు. అలాంటి రాయిని ఆమె చూసింది. తల్లి తలవైపు, తుమ్మ చెట్ల కింద, మట్టిలో సగం దిగబడి ఉంది.

"మరి ఆ సమాధికి జోయల్ వాళ్ళు సున్నం కొడతాండారే మామా?"

"కొట్టరా మరి? మా నాయనకు ఈ పక్క బడిలో ఉద్యోగమొచ్చి అందరం ఈడికి కదిలొచ్చినాం. రానుపోను బస్సులు యాడివి అప్పట్లో? జోయల్ వాళ్ళ తాత యాకోబు, మా నాయన జత. 'మా అమ్మకు ఏటేటా ఈస్టరు సున్నం నువ్వు కొట్టప్పా' అని మా నాయన అడిగినాడు. యాకోబు చేతిలో చెయ్యేసి ఒప్పుకున్నాడు. నేను పక్కనే ఉన్నా. మంచోడు యాకోబు. మాట తప్పలేదు."

అదీ సంగతి. తాత స్నేహం కోసం కుంచె పట్టాడు, కొడుకు అలవాటుగా పట్టాడు, మనవడు హక్కు అనుకున్నాడు. మనవడు గ్రానైటు తెచ్చి, అసలు రాయిని పెరికి చెత్తలో పడేశాడు. అదే చెత్తలోకి జ్ఞానమ్మనూ తోశాడు.

ఎస్తర్‌కు లేచి గంతులేయాలనిపించింది. ఏడవాలని కూడా అనిపించింది. కానీ ఆమె టీచరు. ముసలాయన జ్ఞాపకాన్ని జోయల్ ఒక్క నవ్వుతో తీసిపారేస్తాడని తెలుసు. "ఆ రాయి యాడనుంచి వచ్చింది మామా?" అని అడిగింది.

"ఇంగ యాడిది? జమ్మలమడుగు పక్క పల్లెలో పెద్ద కాపులోళ్ళ పశువుల కొట్టంలోది. ఆడ మా జేజి ఎద్దులకు ఉలవలు ఇసిరేది. వాళ్ళిప్పుడు ఈ ఊళ్ళోనే మేడ కట్టుకున్నారు. ముసలామె వసంతమ్మ ఉండాది."

*

ఆ మేడ ముందు చెప్పులు విడుస్తుంటే ఎస్తర్ కాళ్ళు ఒక్క క్షణం ఆగాయి. ముత్తవ్వ కొట్టం దాటి లోపలికి రాలేని ఇల్లు వాళ్ళది. ఎస్తర్ తిన్నగా హాల్లోకి పోయి సోఫాలో కూర్చుంది. ఎవరూ కూర్చోమనకముందే కూర్చుంది.

వసంతమ్మ ఎనభై దాటిన మనిషి. పక్కన ఆమె కొడుకు నారాయణ ఇస్త్రీ నలగని తెల్లచొక్కాతో, సెల్లు చూసుకుంటూ ఉన్నాడు. రాహేలమ్మ అనే పేరు చెబితే ఇద్దరూ తల అడ్డంగా ఊపారు.

"మా కొట్టంలో ఆ పేరుగలోళ్ళు ఎవురూ పన్జేయలేదమ్మా" అంది వసంతమ్మ.

"ఇసుర్రాయి కింది బద్ద తీసుకోని పోయినామె" అంది ఎస్తర్.

దీపానికి ఒత్తి చేస్తున్న వసంతమ్మ వేళ్ళు నిలిచిపోయాయి. "నర్సి! నువ్వు నర్సి మనిషివా?"

బాప్తిస్మం పేరు ఈ ఇంటికి ఎలా తెలుస్తుంది? వీళ్ళకు ఆమె నర్సే. వసంతమ్మ అత్త నోట విన్నదంతా చెప్పింది. నర్సి బిడ్డను చంకనేసుకుని, దొరల గుడికి పోతానని చెప్పడానికి వచ్చింది. ఇంటి పెద్దాయనకు కోపమొచ్చి, "పొయ్యేదానివి, నీ చెమట తాగిన రాయి ఎత్తుకోని పో" అని కింది బద్ద ఒక్కటే కాలితో తోశాడు. పై బద్ద ఇంట్లోనే ఉంచుకున్నాడు. సగం రాయితో ఏం విసురుకుంటుందో చూద్దామని కొట్టంలో వాళ్ళంతా నవ్వారు. ఆమె బద్దను నెత్తికెత్తుకుంది. వాకిలి దాటేముందు వెనక్కి తిరిగి, "పై బద్ద మీరే మోసుకోని నా కాడికి వస్తారు" అంది. ఆ బరువుతో జమ్మలమడుగు దాకా నడిచిపోయింది.

"ఆ పై బద్ద ఏమైంది?" ఎస్తర్ సోఫాలో ముందుకు జరిగింది.

"పెరట్లో కోళ్ళగంప మీద ఉండాది. మా అత్త పారేయనీలేదు. అదుండేంత వరకు నర్సి ఉసురు కూడా ఇంట్లోనే ఉంటాది అనేది, పారేస్తే ఇంకేమైతాదో అని భయం." వసంతమ్మ ఎస్తర్ చేతులు పట్టుకుంది. "నువ్వే తీసుకోని పో తల్లీ. ఈడికి దేవుడే పంపినాడు నిన్ను."

ఎస్తర్ చేతులు వెనక్కి తీసుకుంది. "నేను మొయ్యను. మా ముత్తవ్వ ఏం చెప్పిపోయింది? మీరే మోసుకోని వస్తారని. ఈస్టరునాడు పొద్దున్నే జమ్మలమడుగు శ్మశానానికి రండి."

నారాయణ సెల్లు కింద పెట్టాడు. "ఏం మాట్లాడుతాండావు నువ్వు? మేము మీ శ్మశానానికి రాయి మోసుకోని రావల్లనా?"

"ఒరే, నువ్వు మొయ్యకపోతే నేను మోస్తా" అంది వసంతమ్మ. "మోసి ఆడ్నే సస్తా. అప్పుడు నన్ను మోద్దువులే."

నారాయణ లేచి, కోళ్ళగంప చూడ్డానికి పెరట్లోకి పోయాడు.

*

ఈస్టరు ముందు శనివారం శ్మశానమంతా సున్నపు వాసన. ఎస్తర్ కూడా వచ్చింది, ఒట్టి చేతులతో. తల్లి సమాధి పక్కన కాసేపు నిలబడి, గుండ్రాయి అంచు మీద మట్టి తుడిచి, పెచ్చు లేచిన చోట బొటనవేలు ఆనించి చూసుకుని వెళ్ళిపోయింది. జ్ఞానమ్మకు సున్నం కొట్టలేదు. "కన్నతల్లికి కుంచె పట్టలేదే, ఏం మనిషి!" అని ఆడవాళ్ళు చెవులు కొరుక్కున్నారు. వినబడింది. అలా అనుకోవాలనే ఆమె కోరిక కూడా.

మర్నాడు శ్మశానంలోనే సూర్యోదయ ఆరాధన అయ్యాక, ఎప్పటిలాగే జోయల్ మొదటి వరస ముందు నిలబడి సంఘ చరిత్ర చెప్పాడు. మా పెద్దవ్వ ఎలా విశ్వాసంలోకి వచ్చిందీ, ఎన్ని కష్టాలు పడిందీ తెల్లబట్టలు మెరుస్తుండగా వర్ణించాడు. ఎస్తర్ చివరి దాకా విని, క్లాసులో వెనక బెంచీ పిల్లలా చెయ్యెత్తింది.

"జోయలప్పా, ఈ గ్రానైటు ఏయకముందు పెద్దవ్వ మీద ఏముండేది?"

పది మందిలో తన ఖర్చు, తన కష్టం చెప్పుకునే అవకాశమొస్తే జోయల్ వదులుకునే రకం కాదు. "ఏముండేది? గుండ్రాయి. నడుమ బొక్క, బొక్కలో తుప్పుపట్టిన మేకు. చిన్నప్పట్నుంచి దానికే సున్నం కొడతాంటి. శానా అసయ్యంగా ఉండాదని, గ్రానైటు ఏయించినప్పుడు పీకించి ఆ మూల పడేయించినా."

"అంచు పెచ్చు లేసిండేదా?"

"ఔ, ఒకపక్క. నీకెట్ల తెలుసు?"

"అందరూ విన్నారు కదా" అంది ఎస్తర్, చుట్టూ చూస్తూ. ఆమె గేటు వైపు చెయ్యి ఊపింది.

కారు దిగి నారాయణ వచ్చాడు. సెల్లు తప్ప ఇంకేదీ మోసి ఎరగని ఆ మనిషి విసుర్రాయి పై బద్దను రెండు చేతులా పొట్టకు ఆనించుకుని, చెమటలు కారుస్తూ, సమాధుల మధ్య నడిచాడు. తెల్లచొక్కా మీద కోళ్ళగంప మురికి అంటింది. వెనక కర్ర ఊతంతో వసంతమ్మ వచ్చింది. జనం దారి ఇచ్చారు. మొదటి వరసను వదిలేసి, ఎన్నడూ ఎవరూ పోని ఆ మూలకు అందరూ ఎస్తర్ వెంట నడిచారు.

రూబెన్ పలుగుతో గుండ్రాయిని పెకలించి నేల మీద పరిచాడు. నారాయణ వంగి, మూలుగుతూ, పై బద్దను దాని మీదకు దించాడు. కింది బద్దలోని విరిగిన మేకు పై బద్ద బొక్కలోకి దిగింది. ఎస్తర్ పై బద్దను పట్టి తిప్పింది. గరగరమని రాయి మీద రాయి కదిలింది. కొంచెం తిరిగేసరికి కింది అంచు పెచ్చూ పై అంచు పెచ్చూ ఒకదాని కిందికి ఒకటి వచ్చి, ఒకే దెబ్బకు రెండూ లేచినట్టు కలిసిపోయాయి.

"ఎద్దు కాలితో తన్నిందంట, రెండూ ఒకేసారి చిట్లినాయంట" అంది వసంతమ్మ, అందరూ వినేలా. "ఇది నర్సి రాయి. మా కొట్టంలోది. ఈ బిడ్డ ఆమె మనిషి."

ఎస్తర్ మామ చెప్పిన సంగతి చెప్పింది, యాకోబు చేతిలో చెయ్యేసిన సంగతి. ఎక్కువ మాటలు వాడలేదు. జోయల్ మొహం పాలిపోయింది.

"నాకు తెలీదమ్మా" అన్నాడు చివరికి. "మా తాత చెప్పలేదు. పుట్టినకాడ్నించి కొడతాండాం, మాదే అనుకున్నా. నిజంగా అనుకున్నా."

ఎస్తర్ అతన్ని నమ్మింది. నమ్మినా మనసు కరగలేదు. ముత్తవ్వ ఎవరన్నది అతనికి తెలియకపోవచ్చు. శవపేటిక వ్యానులో ఉండగా ఒక ఆడమనిషిని వంశం కనుక్కుని రమ్మన్నది మాత్రం తెలిసే అన్నాడు.

పాస్టరుగారు ముందుకొచ్చి, జ్ఞానమ్మను మొదటి వరసకు మార్పించే ఏర్పాటు చూద్దామన్నారు.

"మా అమ్మను కదిలించనయ్యా" అంది ఎస్తర్. "జేజి పక్కన పెట్టమనింది. జేజి రాయే వచ్చి ఆమె తలకాడ కూచ్చుంది, ఈయప్ప పుణ్యమా అని." జోయల్ వైపు తిరిగింది. "ఆ గ్రానైటు ఎత్తించు. గ్రానైటుకు సున్నం పట్టదు."

"అట్లే చేస్తా."

"మీ తాత మా తాతకు ఇచ్చిన మాట ఇంకా తీరలేదప్పా. ఏటేటా ఈస్టరు సున్నం మీరే కొట్టల్ల. జేజికీ కొట్టల్ల, జేజి మనవరాలికీ కొట్టల్ల. మా అమ్మకు నిన్న నేను కొట్టలేదు, కావాలనే. బక్కెట్టు తెచ్చిపెట్టినా, గోడ పక్కన ఉండాది."

జోయల్ పాస్టరుగారిని చూశాడు, ఆయన చెట్ల వైపు చూశారు. తన అన్నదమ్ములను చూశాడు, వాళ్ళు నేలను చూశారు. వంశం పేరు ఎత్తింది తనే. అందరి ముందూ తాత మాట కాదంటే ఆ పేరుకే మచ్చ. అతను పోయి బక్కెట్టు తెచ్చుకున్నాడు. పండగ బట్టలతోనే మోకాళ్ళ మీద కూర్చుని, కుంచె ముంచి, జ్ఞానమ్మ సమాధికి సున్నం కొట్టడం మొదలుపెట్టాడు. చుక్కలు అతని పంచె మీద పడుతున్నాయి.

వసంతమ్మ కర్ర మీద వాలి, "ఇప్పుడన్నా మా ఇంటి ఉసురు తీరినట్లేనా తల్లీ?" అని మెల్లగా అడిగింది.

"అది నాకేం తెలుసు పెద్దమ్మా? మా ముత్తవ్వను అడగండి. ఆమె గోడ పక్కన ఉండాది, ఇప్పుడు దారి మీకూ తెలుసు."

ఎండ తుమ్మ చెట్ల మీదికి ఎక్కింది. జనం ఒక్కొక్కరే ఇళ్ళకు పోతున్నారు. ఎస్తర్ పోలేదు. చీర కొంగు నెత్తిన కప్పుకుని, తల్లి తలవైపు ఆ రెండు రాళ్ళ పక్కన నిలబడి, పిల్లల కాపీలు దిద్దినంత శ్రద్ధగా ప్రతి అంగుళమూ చూసింది. ఇన్నాళ్ళ తర్వాత ఆమెకు హాయిగా ఆకలేసింది.

జోయల్ లేవబోయాడు.

"కాళ్ళ దిక్కు మట్టి కనపడతాందప్పా" అంది ఎస్తర్. "ఇంకో పూత ఎయ్యి."